బండి మీది కూలివానికి భీమా ఎవరిది?

పనికి పోవునప్పుడు గాని, పనిలో నున్నప్పుడు గాని బండి వలన దెబ్బతిన్న కూలివానికి పరిహారము చెల్లింపవలసిన భీమా పత్రము ఏది? నేటి నా ప్రసంగమునకు ఇదియే విషయము. ఇది వకీళ్ళు తమలో తాము తేల్చుకొనవలసిన చిక్కు అని మీకు తోచవచ్చును. కాని మిరపకోతకును, పత్తి ఏరుటకును, వరినాట్లకును మన తెలుగునాట ఆడువారు ట్రాక్టరు తొట్లలో ఎక్కి పోవుట మీరెల్లరు ఎరిగినదే. 2018వ సంవత్సరము జూను 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ కడ అట్టి ట్రాక్టరొకటి కాలువలో పడి పదునైదుగురు మరణించిరి. వారిలో మిక్కిలి మంది పొలము పనికి పోవుచున్న స్త్రీలు.

ఇట్టి ఆపద వచ్చినప్పుడు ఊరి పెద్దలు మొట్టమొదట అడుగు మాట, "ఆ ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉన్నదా?" అని. ఉన్నదని బదులు వచ్చినచో అందరికిని కొంత ధైర్యము చిక్కును. ఆ ధైర్యమునకు ఆధారము చాలదు. భీమా ఉన్నదా యని కాక, ఆ భీమా ఎవరిని తలచి వ్రాయబడినది యని అడుగవలెను. మోటారు భీమాను చట్టము తప్పనిసరి చేసిన నాడు దారిన పోవు పరాయివానిని తలచుకొనెను గాని, ఆ బండి మీదనే పని చేయువానిని తలచుకొనలేదు. మరచిపోయి కాదు, తెలిసియే వదలిపెట్టెను. ఆ వదలివేతకు ఒక చరిత్ర కలదు. అది మోటారుల కంటె పాతది. గుఱ్ఱపు బండ్ల కాలమున పుట్టినది.

1835వ సంవత్సరమున ఇంగ్లండులో లింకన్ సీమయందలి మార్కెట్ డీపింగు అను ఊర ఫౌలరు అను మాంసపు వర్తకుడు ఉండెను. అతని కడ ప్రీస్ట్లీ అను పనికుఱ్ఱవాడు కొలువుండెను. ఒకనాడు యజమాని యాజ్ఞపై ఆ కుఱ్ఱవాడు మాంసపు సరుకుతో కూడిన బండి నెక్కి పోవుచుండెను. బండిని తోలువాడు వేరొక సేవకుడు. సరుకు మితిమించి యుండుటచే దారిలో బండి విరిగి కూలెను. కుఱ్ఱవాని తొడయెముక విరిగినది, భుజము కీలు తప్పినది. అతడు యజమానిపై వ్యాజ్యము వేసెను. లింకన్ పట్టణమున జ్యూరీవారు విచారించి అతనికి నూరు పౌనులు ఇప్పించిరి.

యజమాని ఊరకుండలేదు. వ్యాజ్యము లండనులోని ఎక్స్‌చెక్కరు న్యాయస్థానమునకు పోయెను. 1837లో అచటి ముఖ్యన్యాయమూర్తి లార్డు ఆబింజరు జ్యూరీ యిచ్చిన దానిని కొట్టివేసెను. ఆయన చెప్పిన కారణములు విచిత్రములు. ఈ కుఱ్ఱవానికి పరిహారమిచ్చినచో రేపు పడకగది పనికత్తె తడి పరుపు వేసినదని ఒక సేవకుడు వచ్చును. వంటవాడు రాగిపాత్రలు సరిగా తోమలేదని వేరొకడు వచ్చును. ఇంటి పునాది బాగులేదని మరియొకడు వచ్చును. దీనికి అంతమెక్కడ అని ఆయన భయపడెను. బండిలో బరువెక్కువైన సంగతి యజమాని కంటె బండి మీది సేవకునికే బాగుగా తెలియునట! ఇష్టము లేకున్న ఎక్కకుండ నుండవచ్చునట! పొట్టకూటికై కొలువు చేరిన కుఱ్ఱవాడు యజమానితో "ఈ బండి నేనెక్కను" అనగలడా యని ఆయన తనను తాను ప్రశ్నించుకొనినట్లు ఆ తీర్పులో కనబడదు.

దీని ఫలమేమో చూడుడు. ఆ దినమున ఆ బండియే దారిన పోవు ఒక ముసలమ్మ మీద పడి, తోలువాని తప్పు రుజువై యుండినచో, ఆమెకు ఫౌలరు పరిహారమీయవలసి వచ్చెడిది. సేవకుని తప్పునకు యజమాని బాధ్యుడను న్యాయము పరాయివారి యెడల అప్పటికే స్థిరపడి యున్నది. బండి క్రింద పడిన పరాయిదానికి కలదు, బండి మీద నున్న సొంత పనివానికి లేదు. అక్కడ గీచిన గీతనే న్యాయాధిపతులు తరువాత రైలు సంస్థల వ్యాజ్యములలో గట్టిపరచిరి. తోటి సేవకుని తప్పు వలన దెబ్బతిన్న సేవకునికి యజమానిపై హక్కు లేదను ఈ నియమము ఇంగ్లండులో 1948లో పార్లమెంటు రద్దుచేయువరకు బ్రదికి యుండెను. మన దేశమున దీనిని తొలగింప యత్నించిన చట్టము 1938లో వచ్చెను.

న్యాయస్థానముల తలుపు ఇట్లు మూతపడగా శాసనసభలు వేరొక దారి తీసినవి. జర్మనీలో బిస్మార్కు 1884లో ప్రమాద భీమా చట్టము చేయించెను. దాని క్రింద తప్పెవరిదను విచారణ లేదు. యజమానులే సంఘములుగా కూడి రొక్కము వేసికొని గాయపడినవానిని పోషింపవలెను. ఇంగ్లండులో 1880లో ఒక చిన్న చట్టము వచ్చెను. ఆ యేడే యజమానుల బాధ్యతను భీమా చేయు సంస్థ యొకటి లండనులో వెలసెను. వర్తకులు శాసనకర్తల కంటె చురుకైనవారు. 1897లో జోసెఫ్ ఛేంబర్లేను పూనిక వలన వచ్చిన పనివారి పరిహార చట్టము అసలైన మార్పు తెచ్చెను. పని వలనను, పని సందర్భముననే కలిగిన గాయమైనచో, యజమాని తప్పు లేకున్నను పరిహారమీయవలెను. కాని ఆ సొమ్మునకు ఒక కొలత యుండును. ఇచ్చుట తప్పదు, ఎక్కువ ఇచ్చుటయు లేదు. రెండు పక్షములును ఒప్పుకొనిన బేరమిది. ఆ రెండు చిన్న మాటలపై, అనగా "పని వలన", "పని సందర్భమున" అను వానిపై, వ్రాయబడిన తీర్పులను ప్రోగుచేసినచో ఒక గది నిండునని చెప్పవచ్చును.

తరువాత మోటారులు వచ్చినవి. దారులలో చావులు పెరిగినవి. ఇంగ్లండులో 1930 నాటి చట్టము ప్రతి బండికిని మూడవ పక్షపు భీమా, అనగా మనవారు థర్డు పార్టీ అనునది, తప్పనిసరి చేసెను. బండి యజమాని ఒకటవ పక్షము, భీమా సంస్థ రెండవది, దెబ్బతిన్న పరాయివాడు మూడవది. ఆ చట్టముననే ఒక మినహాయింపు వ్రాసిరి: యజమాని కొలువులో నున్నవాడు పని సందర్భమున దెబ్బతిన్నచో ఈ పాలసీ అతనికి వర్తింపనక్కరలేదు. పనివానికి వేరే చట్టము కలదు గదా యని దాని భావము. కాని ఆ వేరే చట్టము క్రింద యజమాని భీమా చేయించితీరవలెనను నిర్బంధము ఇంగ్లండులో 1969 నాటి చట్టము వరకు రాలేదు. దారిన పోవువానికి భీమా నిశ్చయము. బండి మీది పనివానికి యజమాని జేబు ఎంత లోతో అంత. మార్కెట్ డీపింగు గీతయే, మోటారు చక్రముల నడుమ మరల గీయబడెను.

మినహాయింపు ఉన్నచోట రెండు భీమా సంస్థలు పోట్లాడక తప్పదు. 1937లో లార్డ్స్ సభ కడకు వచ్చిన వ్యాజ్యమున ఒక వడ్రంగి పని ముగించుకొని లారీలో తిరిగి వచ్చుచు మరణించెను. ఆ లారీ అతని యజమానిది కాదు, యజమాని బాడుగకు కుదిర్చినది. మినహాయింపులోని పనివాడు అనగా పాలసీ తీసికొన్నవాని పనివాడే గాని, లోకములోని ప్రతి పనివాడును కాడని సభవారు నిర్ణయించిరి. కావున లారీ భీమా సంస్థ చెల్లింపవలసి వచ్చెను. మన పల్లెలలో కూలీలను పిలిచిన రైతు ఒకడు, ట్రాక్టరు గలవాడు వేరొకడు అగుట సర్వసాధారణము గావున ఈ భేదమును మనసున నుంచుకొనుడు.

1970లో ఇంకను సూక్ష్మమైన వ్యాజ్యము వచ్చెను. ఒక పోతపని కర్మాగారపు పనివారు యజమాని సమకూర్చిన కారులో పనికి పోవుచుండగా ప్రమాదము జరిగినది. గాయపడినవానికి సొమ్ము రావలెననుటలో వివాదము లేదు. యజమాని బాధ్యత భీమా చేసిన సంస్థయా, కారు భీమా చేసిన సంస్థయా యనునదే తగవు. డెన్నింగు న్యాయమూర్తి ఇట్లు తేల్చెను: ఆ కారులోనే పోవలెనని కొలువు షరతు నిర్బంధించినచో ఆ ప్రయాణము పనిలో భాగము, ఎక్కుటకు అనుమతి మాత్రమే యుండి నిర్బంధము లేకున్నచో అది పనిలో భాగము కాదు. ఇచట నిర్బంధము లేదు గనుక కారు భీమాయే చెల్లింపవలెను. ఐరోపా దేశముల ఉమ్మడి నియమములను అనుసరించి 1994 జూలై 1 నుండి బ్రిటనులో బండిలో ప్రయాణించు పనివాని భారమంతయు మోటారు భీమాకే మార్చిరి. అక్కడ తగవు చాలవరకు సద్దుమణిగినది.

ఇక మన దేశపు సంగతి. ఇంగ్లీషువారి చట్టములు మనకు కొంచెము ఆలస్యముగాను, కొంచెము కురచగాను వచ్చుట ఆ దినముల రివాజు. మరణించినవాని కుటుంబము దోషిపై దావా వేయుటకు 1855 నాటి 13వ చట్టము దారి చూపెను. పనివారి పరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. ఇదియును తప్పెవరిదని అడుగదు. వయస్సును, జీతమును చూచి పట్టిక ప్రకారము లెక్క కట్టును. కమిషనరు ఎదుట విచారణ జరుగును. ట్రాక్టరుతో సేద్యము చేయువారిని దాని పట్టికలో తరువాత చేర్చిరి. అయితే భీమా చేయించుట యజమాని యిష్టము.

మోటారు వాహనముల చట్టము 1939లో వచ్చినను, నిర్బంధ భీమాకు సంబంధించిన దాని యెనిమిదవ అధ్యాయము 1946 జూలై 1 వరకు నిలిపివేయబడెను. అమలులోనికి వచ్చిన నాడు అందును ఆ మినహాయింపే యుండెను. అనగా ఆ తరువాత పదేండ్లకు పైగా లారీ క్రింద పడిన బాటసారికి నిర్బంధ భీమా కలదు, ఆ లారీనే నడపుచు చనిపోయిన డ్రైవరునకు లేదు. 1956 నాటి సవరణము ఈ గోడలో ఒక కన్నము పెట్టెను. పనివారి పరిహార చట్టము క్రింద రావలసిన సొమ్ము మట్టునకు, మోటారు పాలసీయే భరింపవలెనని చెప్పెను. ఎవరెవరికి? బండి నడపువానికి, ప్రయాణికుల బండియైనచో కండక్టరునకు, టిక్కెట్లు తనిఖీ చేయువానికి, సరకుల బండియైనచో దానిపై పోవు పనివారికి. అదియును సరకుల బండిపై డ్రైవరు గాక ఆరుగురికి మించకుండ! లారీ మీద ఎక్కిన ఏడవ హమాలీ గతి యేమి యని అడిగినవారు ఉండిరో లేదో నాకు తెలియదు గాని, ఆ అంకె చదివినప్పుడెల్ల నాకు ఆ ఏడవవాడే జ్ఞప్తికి వచ్చును.

ఆ సవరణముననే మోటారు ప్రమాదములకు ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పడుటకు దారి కలిగెను. దానితో పనివాని కుటుంబమునకు రెండు వాకిళ్ళు తెరచుకొనెను. ఒకటి కమిషనరు వాకిలి, రెండవది ట్రిబ్యునలు వాకిలి. రెండింటను ఒకే గాయమునకు సొమ్ము పుచ్చుకొనరాదు గనుక 1969 సవరణము ఏదో యొకటి ఎన్నుకొనుమని శాసించెను. 1988 నాటి క్రొత్త మోటారు చట్టమున ఇదియే 167వ సెక్షనుగా నిలిచినది. ఎన్నుకొనిన తరువాత మనసు మార్చుకొనుటకు వీలు లేదు. అయితే యజమాని తనంతట తాను కమిషనరు కడ జమ చేసిన రొక్కమును అందుకొన్నంత మాత్రమున ఎన్నుకొనినట్లు కాదనియు, ఆ మొత్తమును తరువాతి పరిహారము నుండి తగ్గింపవచ్చుననియు సుప్రీంకోర్టు 2013లో చెప్పెను. పత్రముపై వ్రేలిముద్ర వేయించుకొని రొక్కమిచ్చు వేళ ఈ సంగతి తెలిసినవారు ప్రక్కన నుండుట మేలు.

రెండు వాకిళ్ళలో దేనిలో ఎంత దొరకును? ఒక లెక్క వేసి చూతము. ముప్పది యేండ్ల లారీ డ్రైవరు, నెలకు 12,000 రూపాయల జీతము, ఇంట ఆధారపడినవారు నలుగురు. 2021లో ఎదురు బండివాని తప్పు గాని, తన యజమాని తప్పు గాని కారణముగా మరణించెననుకొందము. 1923 చట్టపు పట్టిక ప్రకారము జీతములో సగము, అనగా 6,000 రూపాయలను, ముప్పదవ యేటికి గల 207.98 అను అంకెతో హెచ్చింపగా 12,47,880 రూపాయలు వచ్చును. ట్రిబ్యునలు లెక్క వేరు. సుప్రీంకోర్టు 2009లోను, 2017లోను ఏర్పరచిన పద్ధతిలో జీతమునకు రానున్న యేండ్ల వృద్ధిగా నూటికి నలుబది చేర్చవలెను, అది 16,800. ఏడాదికి 2,01,600. అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,51,200. వయస్సును బట్టి పదునేడింతలు చేయగా 25,70,400 రూపాయలు. అంత్యక్రియలు మున్నగు చిన్న పద్దులు దీనికి పైన.

చూడగా ఇబ్బడికి మించిన మొత్తము. ఐతే అందరును ట్రిబ్యునలునకే ఎందుకు పోరు? రెండు చిక్కులు. మొదటిది, అక్కడ సాధారణముగా తప్పు ఇతరులదని రుజువు చేయవలెను. డ్రైవరు తానే నిద్రమత్తున చెట్టునకు గ్రుద్దినచో ఆ వాకిలి మూతపడును. కమిషనరు వాకిలి మాత్రము తెరచియే యుండును. రెండవది మరియు కఠినము. తప్పు లారీ యజమానిదేయై కుటుంబము ట్రిబ్యునలునకు పోయినను, ఆ లారీ పాలసీ చట్టము కోరినంత మట్టునకే వ్రాయబడినదైనచో, భీమా సంస్థ పనివారి పరిహారపు కొలత వరకే చెల్లించునని సుప్రీంకోర్టు 2005లో తేల్చెను. మిగిలినది యజమాని భరింపవలెను. మన లెక్కలో అది 13,22,520 రూపాయలు. ఒకే లారీని అప్పుపై కొన్నవాడు ఈ సొమ్ము ఎక్కడ నుండి తెచ్చును? తల ఒక్కింటికి కొలది ప్రీమియము అదనముగా కట్టి పనివారి పూర్తి బాధ్యతను చేర్పించుకొనుటకు వీలుండెను. భీమా ఏజంటు చెప్పక, యజమాని అడుగక ఎన్ని పాలసీలు అట్లే నడచినవో!

పట్టణపు కర్మాగారములలో పని చేయు మన పిల్లలకు మూడవ దారి యొకటి కలదు. అది 1948 నాటి ఉద్యోగుల రాజ్య భీమా చట్టము, ఇ.ఎస్.ఐ. అని వాడుక. దాని క్రింద పని గాయమునకు నెలనెల భృతి వచ్చును. కాని దాని 53వ సెక్షను వేరొక పరిహారము కోరరాదని అడ్డగించును. ఆ అడ్డు మోటారు చట్టపు దావాకును వర్తించునని 2009లో సుప్రీంకోర్టు చెప్పెను. కావున ఇ.ఎస్.ఐ. లో చేరినవానికి పని గాయమా, కాదా అనుటపైనే అన్నియు ఆధారపడును.

ఇంటి నుండి పనికి పోవు దారిలో తగిలిన దెబ్బ పని గాయమగునా? 1971లో ఒక కర్మాగారపు పనివాడు సైకిలు మీద పోవుచు, కర్మాగారము ఇంక ఒక కిలోమీటరు దూరమున నుండగా, లారీ తగిలి భుజము నొద్ద ఎముక విరుగగొట్టుకొనెను. పని వేళకు పదునైదు నిమిషములే మిగిలియుండెను. ఇది పని గాయము కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుసరికి 1996 వచ్చెను. ఎముక అతికిన ఇరువదియైదేండ్లకు! ఆ తీర్పును మార్చుటకై 2010లో పార్లమెంటు 51-ఇ అను సెక్షనును చేర్చి, రాకపోకలలోని ప్రమాదమునకును పనికిని వేళ, చోటు, సందర్భముల సంబంధము కనబడినచో దానిని పని గాయముగా భావింపవలెననెను. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఈ భావమునే 1923 చట్టమునకును విస్తరింపజేసెను. ఆ వ్యాజ్యమున మహారాష్ట్రములోని ఒక చక్కెర కర్మాగారపు కావలివాడు 2003లో తెల్లవారుజామున మూడు గంటల కాపలాకై మోటారు సైకిలుపై పోవుచు, ఇంక అయిదు కిలోమీటర్లు ఉండగా మరణించెను. అతని కుటుంబమునకు ఇరువదిరెండేండ్లకు పరిహారము దక్కెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి 1923, 1948 చట్టములను రెండింటిని తనలో కలుపుకొని, రాకపోకల నియమమునకు తనలో చోటిచ్చినది. ఇందులో ఒక మెలిక యున్నది. ఇ.ఎస్.ఐ. వానికి దారి ప్రమాదము పని గాయమైనచో నెలభృతి వచ్చును గాని, గ్రుద్దిన లారీపై పెద్ద దావా వేయు హక్కునకు ఆ అడ్డు వచ్చి పడును. ఒక తలుపు తెరచిన గాలికి రెండవ తలుపు మూసికొనిన చందము.

ఇక పల్లెకు వత్తము. సరకుల బండిపై మనుష్యులు ఎక్కుట మన దేశమున పాత యలవాటు. 1994 నవంబరులో వచ్చిన సవరణము సరకు యజమానిని గాని, అతని ప్రతినిధిని గాని భీమా క్రిందికి చేర్చెను. తన పత్తి బస్తాలతో లారీలో మార్కెట్టునకు పోవు రైతు ఇందు వచ్చును. ఊరక లిఫ్టు అడిగి ఎక్కినవాని మాటేమి? అతనికిని వర్తించునని సుప్రీంకోర్టు 1999 డిసెంబరులో చెప్పి, మూడేండ్లు తిరుగగనే 2002 డిసెంబరులో పెద్ద ధర్మాసనము ద్వారా వర్తింపదని తిరుగవ్రాసెను. ఆ మూడేండ్ల నడుమ ఎన్ని కుటుంబములు ఆశపడినవో ఊహింపుడు.

ట్రాక్టరు తొట్టి వ్యవహారము 2007లో ఆ న్యాయస్థానము ముందునకు వచ్చెను. ఇటుకబట్టీకై మట్టి త్రవ్వి తొట్టిలో నింపు కూలివాడు ఆ తొట్టి మీద పోవుచు గాయపడెను. ట్రాక్టరు భీమా వ్యవసాయ పనికి మాత్రమే తీసికొనినది. ఇటుకబట్టీ మట్టి వ్యవసాయము కాదు. కావున భీమా సంస్థకు బాధ్యత లేదని న్యాయస్థానము ఒప్పుకొనెను. అయినను కూలివాని పేదరికమును చూచి, తన విశేషాధికారముతో, ముందు భీమా సంస్థయే చెల్లించి పిమ్మట బండి యజమాని కడ వసూలు చేసికొనవలెనని ఆజ్ఞాపించెను. ఇది దయ వలన వచ్చినది గాని హక్కు వలన రాలేదు. వసూలు అనగా ఏమో కూడ తెలిసికొనవలెను: ఇట్టి సందర్భములలో యజమాని హామీ చూపవలెననియు, ఆ బండినే జప్తు చేయవచ్చుననియు 2004 నాటి వేరొక తీర్పు చెప్పుచున్నది.

2019లో మోటారు చట్టమును పెద్దగా సవరించిరి. భీమా అధ్యాయము 2022 ఏప్రిలు 1 నుండి క్రొత్త రూపమున అమలులోనికి వచ్చెను. అందు 145వ సెక్షనున మూడవ పక్షము అనగా ఎవరో చెప్పుచు, ప్రభుత్వమును, డ్రైవరును, ట్రాన్స్‌పోర్టు వాహనము మీది తోటి పనివానిని అందు చేర్చిరి. 1837లో ఏ తోటి సేవకుడను మాటతో ఆ కుఱ్ఱవానిని వెలుపలికి త్రోసిరో, ఆ తోటి పనివానినే నూటయెనుబదియైదేండ్లకు పరాయివానితో సమానముగా పంక్తిలో కూర్చుండబెట్టిరి. ఈ మాటలు చదివినపుడు నాకు కలిగిన సంతోషము దాచుకొనజాలను.

కాని ట్రాన్స్‌పోర్టు వాహనము అను ఆ మాట యొద్ద ఆగి మరల చదువవలెను. లారీ ట్రాన్స్‌పోర్టు వాహనము, బస్సు ట్రాన్స్‌పోర్టు వాహనము. కేంద్ర మోటారు వాహనముల నియమములలో వ్యవసాయ ట్రాక్టరును ట్రాన్స్‌పోర్టు వాహనము కానిదిగా లెక్కించిరి. తొట్టిలో కూర్చుండి పత్తి ఏరుటకు పోవు స్త్రీ అనేక సందర్భములలో ట్రాక్టరు యజమాని పనిమనిషియు కాదు. ఆమెను పిలిచినవాడు వేరొక రైతు. ఆమెకు ఇ.ఎస్.ఐ. లేదు. ఆమె సరకు యజమానియు కాదు. పాలసీ కాగితముపై పనివారి బాధ్యతకై కట్టిన అదనపు ప్రీమియమునకు వేరుగా ఒక వరుస యుండును; తొట్టికి వేరుగా రిజిస్ట్రేషను నంబరును, భీమాయు ఉండవలెను. ఈ రెండింటిని ట్రాక్టరు గలవారి కాగితములలో పొలము పనులు మొదలగుటకు ముందే వెదకి చూడవచ్చును. చదువు వచ్చిన పెద్దలు ఒక్క పూటలో ఊరిలోని ట్రాక్టరులన్నిటి కాగితములను చూడగలరు.